బ్యాండ్‌లో చేరనివ్వండి, గురువుగారి పాఠం మాత్రం ఆపనివ్వకండి

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆరో తరగతి నుంచీ మృదంగం నేర్చుకుంటున్నాడు. ఉత్సవాలప్పుడు, డ్యాన్స్ ప్రోగ్రాములప్పుడు పక్క వాద్యం వాయిస్తుంటాడు. ఇప్పుడు చెన్నైలో ఒక ఫ్యూజన్ బ్యాండ్ వాళ్లు రమ్మంటున్నారట. పాడే అమ్మాయిది కేరళ, గిటారు అబ్బాయిది షిల్లాంగ్, శాక్సఫోన్ వాయించే ఆవిడ ఫ్రాన్స్ నుంచి వచ్చి పుదుచ్చేరిలో ఉంటున్నారు. ఆరు నెలల్లో ఆల్బమ్ రికార్డింగ్ అంటున్నారు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. చదువు దెబ్బతింటుందా? గుళ్లో వాయించిన చేత్తో పబ్బుల్లో వాయిస్తే నేర్చుకున్న విద్య ఏమవుతుంది? దీని మీద బతకగలడా?

జవాబు: అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో రెండోదే అసలైనది. ముందు దానికి జవాబిస్తాను. మిగతా రెండూ దాని వెంటే తేలతాయి.

బాబును చేరనివ్వండి. కానీ గురువుగారి దగ్గర పాఠం ఒక్క వారం కూడా మానకూడదని షరతు పెట్టండి. ఆ బ్యాండ్‌కు తాళం వేసేవాళ్లు చెన్నైలో బోలెడంతమంది దొరుకుతారు. వాళ్లు తిరుపతి దాకా వెతుక్కుంటూ వచ్చింది ఇన్నేళ్లు కూర్చుని సాధించిన విద్య కోసం. బ్యాండ్‌లో చేరాక చాలామంది కుర్రాళ్లు సాధన తగ్గించేస్తారు. పాటకు కావలసిన నాలుగు తాళం నడకలు చేతికొస్తే చాలనుకుంటారు. రెండేళ్లు గడిచేసరికి కచేరీలో పల్లవికి (తాళం లెక్కలు కఠినంగా ఉండే భాగానికి) పక్కన కూర్చోవాలంటే చెయ్యి తడబడుతుంది, బ్యాండ్‌లోనూ కొత్తగా ఇచ్చేదేమీ మిగలదు. పబ్బు కన్నా నాకు భయం కలిగించేది అదే.

మన సంగీతాన్ని, పాశ్చాత్య సంగీతాన్ని కలిపిన 'శక్తి' బృందం సంగతి మీ వారికి చెప్పండి. 1970లలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం టి.హెచ్.వినాయక్‌రామ్ కలిసి వాయించారు. తర్వాతి కాలంలో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు.శ్రీనివాస్ అదే బాటలో మెక్‌లాఫ్లిన్‌తో కలిశారు. వినాయక్‌రామ్ గారి కొడుకు సెల్వగణేశ్ కంజీరా (చిన్న తాళవాద్యం)తో వచ్చారు. 2024లో ఆ బృందం ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. వీళ్లలో ఏ ఒక్కరూ సగం విద్యతో ఆ వేదిక ఎక్కలేదు. శ్రీనివాస్ గారు చిన్నతనంలోనే సభల్లో పూర్తి కర్ణాటక కచేరీలు చేసినవారు. మెక్‌లాఫ్లిన్ కూడా మన సంగీతాన్ని శిష్యుడిగా కూర్చుని నేర్చుకున్నారు. ఇది చూస్తే మీ వారి కోపం కొంతైనా చల్లారుతుందని నా ఆశ.

ఇక బాబు అక్కడ ఏం చేస్తాడో తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుంది. మొదటి పేచీ శృతి దగ్గరే. గిటారు వాళ్లకు 'ఈ', 'ఏ' స్కేళ్లు చేతికి అనువు. మన లెక్కలో అవి మూడు, ఆరు శృతులు. ఒక మృదంగాన్ని అర శృతి, మహా అయితే ఒక శృతి అటూఇటూ జరపగలం తప్ప పాట పాటకూ మార్చలేం. కాబట్టి తగ్గు శృతిది ఒకటి, హెచ్చు శృతిది ఒకటి ఉండక తప్పదు. ఆ ఖర్చు మీ మీదే పడుతుంది, ముందే అనుకోండి. దానికి తోడు చెన్నై ఉక్కలో ఒక శృతి, స్టూడియో ఏసీలో ఒక శృతి. అరగంట ముందే వెళ్లి వాద్యాన్ని ఆ గది గాలికి అలవాటు చేయాలి.

రెండోది మెట్రోనోమ్, స్టూడియోలో క్లిక్ అంటారు. మన పక్క వాద్యం పాడేవారి ఊపిరిని పట్టుకుని నడుస్తుంది. తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో) కాలం కొంచెం పెరిగినా ఎవరూ తప్పు పట్టరు. రికార్డింగ్‌లో అలా కుదరదు. శాక్సఫోన్ ఒకరోజు, గాత్రం ఇంకోరోజు విడివిడిగా రికార్డు చేస్తారు. వాటిని కలిపి ఉంచేది చెవిలో వినిపించే ఆ టిక్కు టిక్కే. చెయ్యి బాగా తిరిగిన విద్వాంసులు కూడా మొదటిసారి ఇక్కడ తడబడతారు. ఇప్పటినుంచే రోజూ ఒక అరగంట నిమిషానికి 60 దెబ్బల క్లిక్ పెట్టుకుని సాధన చేయమనండి. అది కుదిరాక ఎనిమిది దెబ్బల ఆది తాళంలో, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ మాత్రమే వినిపించేలా పెట్టుకుని, మిగతా ఏడూ తనే నిలబెట్టుకోవాలి. ఆది తాళంలో ఇది స్థిరపడితే రికార్డింగ్‌లో సగం బెంగ తీరుతుంది.

భాష గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆ గదిలో తమిళం, ఇంగ్లీషు, హిందీ, మలయాళం అన్నీ కలగలుపుగా నడుస్తాయి. అయినా పని జరిగేది లెక్కల్లో. గిటారు అబ్బాయి 'సెవెన్ ఎయిట్' అంటే మీ వాడికి అది మిశ్రచాపు, 'తకిట తకధిమి'. కొన్నక్కోలు, అంటే మృదంగం జతులను నోటితో చెప్పగలిగిన కుర్రాడు ఇలాంటి బృందానికి రెండు నెలల్లోనే ఆయువుపట్టు అవుతాడు. ఐదు దేశాల వాళ్లున్నా వెంటనే పట్టుకోగలిగేది ఆ జతులనే. గురువుగారు కొన్నక్కోలు చెప్పిస్తున్నారో లేదో కనుక్కోండి, లేకపోతే అడిగి మొదలుపెట్టించండి. అదే సమయంలో బాబు కూడా వాళ్లది కాస్త నేర్చుకోవాలి. మన శంకరాభరణం రాగం పాశ్చాత్యుల మేజర్ స్కేల్‌తో, నఠభైరవి నేచురల్ మైనర్‌తో సరిపోతాయి. తోడి రాగంలో గమకం (స్వరాన్ని ఊపడం) నడుస్తుంటే కింద గిటారు కార్డ్ (ఒకేసారి మోగే స్వరాలు) ఎందుకు గుచ్చుకుంటుందో వినగలగాలి. మృదంగం వాడికి ఇదెందుకు అనుకోకండి. ఎక్కడ వాయించకుండా ఊరుకోవాలో తెలిసేది అప్పుడే.

పబ్బుల మాట. కొన్ని ప్రోగ్రాములు అలాంటి చోట్ల ఉంటాయి, దాచను. ఎక్కడ వాయిస్తాడో, ఎక్కడ వాయించడో బాబే మొదటిరోజు చెప్పాలి. ఇన్ని ప్రాంతాల వాళ్లున్న బృందంలో ఇలాంటి హద్దులు అందరికీ ఉంటాయి. షిల్లాంగ్ అబ్బాయి క్రిస్మస్‌కు ఇల్లు చేరాలి. మీకు బ్రహ్మోత్సవాలు, ధనుర్మాసం. చెన్నై వాళ్లకు మార్గళి సభలు, అంటే డిసెంబరు కచేరీలు. ప్రోగ్రాములకు గిరాకీ ఉండేదీ ఆ డిసెంబరులోనే. ఏడాది ముందే క్యాలెండర్ పెట్టుకుని ఎవరి రోజులు వాళ్లు గీసుకోకపోతే, సంస్కృతుల సంగమం అని పోస్టర్ మీద వేసుకున్నవాళ్లే సెలవుల దగ్గర విడిపోతారు. నేను చూసిన బృందాలు పాటల దగ్గర కన్నా తేదీల దగ్గర, డబ్బు దగ్గరే ఎక్కువ విరిగాయి.

డబ్బు విషయంలో నిక్కచ్చిగా ఉండండి. ఉదాహరణకు ఒక ప్రోగ్రాముకు 60 వేలు వచ్చిందనుకోండి. సౌండ్, ప్రయాణం, బస, మేనేజర్ వాటా పోగా 30 వేలు మిగిలితే, ఆరుగురికి తలా ఐదు వేలు. నెలకు రెండు ప్రోగ్రాములు రావడమే మొదట్లో గొప్ప. టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుకుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు బ్యాండ్ ఒక్కదాని మీద బతకడం కుదరదు. బెంగళూరు ఫ్యూజన్ బృందం 'అగం' వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూనే ఏళ్ల తరబడి వాయించారు. మృదంగం వాడికి తిరుపతిలో ఇంకో ఆధారం ఉంది. డ్యాన్స్ స్కూళ్ల అరంగేట్రాలు, పిల్లలకు పాఠాలు, ఆకాశవాణి ఆడిషన్ పాసైతే గ్రేడు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది. గురువు దగ్గర ఐదేళ్ల శిక్షణ అడుగుతారు, అది బాబుకు ఉంది.

ఆల్బమ్ దగ్గర మాత్రం ఒక కాగితం ముందే ఉండి తీరాలి. మన దగ్గర స్వరకర్తల పేర్లలో మృదంగం వాయించినవారి పేరు రాసే ఆనవాయితీ లేదు. ఫ్యూజన్ పాటల్లో చాలాసార్లు కోర్వై, మోహరా (ముగింపుకు వాయించే జతుల అల్లికలు), నడక మార్పులే పాటకు వెన్నెముక. అవి బాబు కట్టినవైతే, ఎవరికి ఎంత శాతమో రికార్డింగ్‌కు ముందే రాసుకుని అందరూ సంతకం పెట్టాలి. ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలు, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంస్థలో) రాయల్టీ నమోదయ్యేది ఆ వాటాల ప్రకారమే. 2012 కాపీరైట్ సవరణ వాయించినవారికి కూడా వ్యాపార వినియోగం మీద రాయల్టీ హక్కు ఇచ్చింది. 'మొత్తం హక్కులు వదులుకుంటున్నాను' అనే వాక్యం ఉన్న కాగితం మీద సంతకం చేయొద్దనండి.

తిరుపతి కుర్రాడు కాబట్టి ఇంకొకటి. ఆల్బమ్‌లో తప్పకుండా ఒక అన్నమయ్య కీర్తన పెడదామంటారు. అన్నమయ్య 1408 నుంచి 1503 వరకు జీవించారు, సాహిత్యం అందరిదీ. మనం ఇవాళ పాడుకునే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు గత శతాబ్దంలో కట్టినవి. స్వరకర్త కాలం చేశాక కూడా సాధారణంగా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అనుమతి తీసుకోండి, లేదా వరుస సొంతంగా కట్టుకోండి. అలాగే, ఫ్రాన్స్ నుంచి వచ్చినావిడ టూరిస్టు వీసా మీద ఉంటే డబ్బు తీసుకుని ఇక్కడ వాయించకూడదు. ప్రోగ్రాము ఒప్పుకునే ముందు మేనేజర్ ఆ సంగతి చూసుకున్నాడో లేదో బాబును అడగమనండి.

చెవుల సంగతి వాళ్ల నాన్నకు చెప్పండి, ఆయన వింటారు. డ్రమ్ కిట్ పక్కన చిన్న గదిలో గంటల తరబడి కూర్చోవాలి. 85 డెసిబెల్స్ మోత దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ఆపైన మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్స్ కొనిపెట్టండి. డ్రమ్స్ మోతలో తన నాదం వినపడక గట్టిగా కొట్టడం మొదలుపెడితే మణికట్టు పోతుంది. మైకు పెంచమని అడగాలి, దెబ్బ పెంచకూడదు.

ఇక చదువు. చెన్నై రైల్లోనైనా బస్సులోనైనా మూడు నాలుగు గంటలు. నెలకు రెండు శని, ఆదివారాలు రిహార్సల్‌కు సరిపోతాయి. మిగతా వారాల్లో వాళ్లు పంపిన ట్రాక్ మీద ఇంట్లోనే వాయించి రికార్డు చేసి పంపొచ్చు. డిగ్రీ మానేసే మాట మాత్రం ఒప్పుకోకండి. ఒక్క ఏడాదిలో చేతికొచ్చే పట్టాను వదులుకోమని అడిగే బ్యాండ్ ఏదైనా నాకు నమ్మకం కలిగించదు. నాలుగో ఏడు మొదట్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉంటాయి. ఆ నెలల్లో ప్రోగ్రాములు ఒప్పుకోవద్దని ఇప్పుడే చెప్పేయాలి. రికార్డింగ్ తేదీలు సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చాకే ఖాయం చేసుకోమనండి. వాటాల కాగితం తయారయ్యాక సంతకానికి ముందు నాకు ఒకసారి పంపించండి, చదివి చెబుతాను.