ఫిబ్రవరిలో సరైన లెక్కే, మార్చిలో కాల్ పోయింది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ ఫైనల్ ఇయర్. టెక్సాస్‌లోని ఒక యూనివర్సిటీలో ఎంఎస్‌కి అప్లై చేసింది. అక్కడి ప్రొఫెసర్ ఒకరు రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ గురించి మాట్లాడదామని, 2026 మార్చి 10 మంగళవారం ఉదయం 9 గంటలకు సెంట్రల్ టైమ్ అంటూ జూమ్ కాల్ పెట్టారు. మెయిల్ ఫిబ్రవరిలోనే వచ్చింది. డాలస్‌లో ఉన్న వాళ్ళ బావని అప్పుడే అడిగితే పదకొండున్నర గంటలు కలుపుకోమన్నాడు. అంటే మనకు రాత్రి 8:30. మా అమ్మాయి 8:20కే లాగిన్ అయి కూర్చుంది. ఎవరూ రాలేదు. మెయిల్ తెరిస్తే, పదిహేను నిమిషాలు చూసి వెళ్ళిపోతున్నానని ప్రొఫెసర్ 7:45కే రాసి ఉన్నారు. అప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఇది నిర్లక్ష్యమేనంటారా? మళ్ళీ అడగొచ్చా? రేపు ఉద్యోగంలోనూ ఇలాగే చేస్తుందేమోనని నా టెన్షన్. నేను ఆర్టీసీలో పనిచేస్తాను. ఇంట్లో అమెరికా టైమ్‌తో ఇంకో గోడగడియారం కూడా తగిలించాను.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నమస్కారమండి. క్షమాపణ మెయిల్ ఆలస్యం కాకూడదని ఆ సంగతి మీకు ఫోన్లో ఆ రోజే చెప్పాను. మిగతా పిల్లలకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మాయిని ఏమీ అనకండి. వాళ్ళ బావనీ అనకండి. అతను చెప్పిన రోజుకి ఆ లెక్క కరెక్టే. చలికాలంలో సెంట్రల్ టైమ్, అంటే టెక్సాస్‌లో దాదాపు అంతటా నడిచే టైమ్, మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు. ఈ ఏడాది అది మార్చి 8న పడింది. అక్కడి నుంచి తేడా పదిన్నర గంటలే. కాబట్టి 10వ తేదీ వాళ్ళ ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30. రెండు రోజుల క్రితం మారిన తేడాకి మీ అమ్మాయి బలైంది, అంతే. అమెరికాలో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళు కూడా ఆ ఆదివారం గంట నిద్ర పోయిందని గొణుక్కుంటారు గానీ, ఇండియాలో ఉన్న మరదలికి ఫోన్ చేసి చెప్పాలని వాళ్ళకి తట్టదు.

అసలు పొరపాటు ఇంకో చోట ఉంది. మనవాళ్ళందరూ ‘అమెరికాకి ఎన్ని గంటల తేడా’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. న్యూయార్క్‌కి చలికాలం పదిన్నర, ఎండాకాలం తొమ్మిదిన్నర. కాలిఫోర్నియాకి పదమూడున్నర, పన్నెండున్నర. అరిజోనాలో దాదాపు అంతటా గడియారం ముట్టుకోరు, కాబట్టి ఏడాది పొడవునా పన్నెండున్నరే. మనం కూడా ముట్టుకోం, అందుకే ఈ గొడవ మన బుర్రలో నిలవదు. అడగాల్సింది ‘ఫలానా ఊళ్ళో, ఫలానా తేదీన, ఈ టైమ్ అయితే మనకెంత’ అని. ఊరూ తేదీ రెండూ పెట్టి చూస్తే ఫోన్ తప్పు చెప్పదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోన్లో వరల్డ్ క్లాక్ చూపించేది ఈ రోజు తేడా, కాల్ ఉన్న రోజు తేడా కాదు. ఫిబ్రవరిలో అది చూసి ఉన్నా మీ అమ్మాయికి పదకొండున్నరే కనిపించేది. గూగుల్ క్యాలెండర్‌లో ఆ తేదీ మీద ఈవెంట్ పెట్టి, టైమ్‌జోన్ దగ్గర సెంట్రల్ టైమ్ ఎంచుకుంటే, మన టైమ్‌లో ఎక్కడ పడాలో అదే అక్కడ పడుతుంది. టైమ్ అండ్ డేట్ వెబ్‌సైట్‌లో మీటింగ్ ప్లానర్ కూడా తేదీ అడిగే లెక్క చెబుతుంది.

పొట్టి అక్షరాలను నమ్మొద్దు. సీఎస్‌టీ అంటే అమెరికా సెంట్రల్ టైమూ అవుతుంది, చైనా టైమూ అవుతుంది. ఐఎస్‌టీ అని మనం రాస్తే మనదే అనుకుంటాం, ఐర్లండ్ వాళ్ళకీ ఇజ్రాయెల్ వాళ్ళకీ అదే పేరుతో టైమ్ ఉంది. ‘హైదరాబాద్ టైమ్’, ‘డాలస్ టైమ్’ అని ఊరి పేరు రాస్తే గొడవే లేదు.

తేదీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి 12:20 రైలుకి ముందు రోజు తేదీతో టికెట్ తీసి, స్టేషన్‌కి వెళ్ళాక ‘మీ బండి నిన్ననే వెళ్ళిపోయింది’ అనిపించుకున్నవాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. విదేశీ కాల్స్‌లోనూ ఇదే జరుగుతుంది. మనకు బుధవారం పొద్దున అంటే టెక్సాస్‌లో ఇంకా మంగళవారం రాత్రి. నా సంగతే చెబుతాను. ఒకసారి కాలిఫోర్నియాలో ఉన్న మా పాత విద్యార్థితో ఒక కాలేజీ పిల్లలకు మాట్లాడించాలనుకున్నాను. ‘శనివారం పొద్దున ఎనిమిదికి’ అని ఇద్దరం ఖాయం చేసుకున్నాం. నాకు మన శనివారం, అతనికి వాళ్ళ శనివారం. ముప్పై మంది పిల్లలు వచ్చారు, ఇడ్లీలు తిన్నారు, వెళ్ళిపోయారు. రాత్రి ఎనిమిదిన్నరకి అతను ఫోన్ చేసి ‘మేడమ్, నేను రెడీ’ అన్నాడు. అప్పటి నుంచి వారం, తేదీ, 24 గంటల టైమ్ మూడూ రాయకుండా నేను ఏ మెయిలూ పంపను. మీ ఆర్టీసీ టికెట్ మీద 22:40 అని ఉన్నట్టే. అప్పుడు ఏఎం, పీఎం గొడవ పోతుంది.

ఇక మళ్ళీ అడగడం. తప్పకుండా అడగాలి. మెయిల్ నాలుగు వాక్యాలు దాటకూడదు. ‘మీ టైమ్ వృథా చేసినందుకు క్షమించండి. మీ దగ్గర గడియారం మారిన సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, తప్పు నాదే. మరోసారి అవకాశం ఇస్తే ఈ మూడింట్లో మీకు ఏది వీలైనా నేను సిద్ధం.’ కింద మూడు టైమ్‌లు. కరెంటు పోయింది, నెట్ రాలేదు లాంటి కథలు వద్దు. ప్రొఫెసర్ ఏటా ఇలాంటివి చూస్తూనే ఉంటారు, నిజం చెబితే నమ్ముతారు. మళ్ళీ పిలుస్తారా అంటే, దానికి నేను హామీ ఇవ్వలేను.

ఆ మూడు టైమ్‌లు ఎంచుకోవడంలోనే తెలివి తెలుస్తుంది. వాళ్ళ ఉదయం 8:30, మన 19:00. వాళ్ళ ఉదయం 10:00, మన 20:30. ఈ మధ్యలో అడగండి, ఇద్దరికీ హాయి. మన పొద్దున ఆరున్నర అయితే మీ అమ్మాయికి ఫ్రెష్‌గా ఉంటుంది గానీ, వాళ్ళకది ముందు రోజు రాత్రి ఎనిమిది, భోజనాల వేళ. అవసరం మనది కాబట్టి లెక్క కట్టే శ్రమ కూడా మనమే పడాలి. వాళ్ళ టైమ్ ముందు రాసి, పక్కన మనది రాయాలి: ‘18 మార్చి బుధవారం, డాలస్ 08:30, హైదరాబాద్ 19:00’. ఇలా రాస్తే మనం తప్పు లెక్క కట్టినా అవతలివాళ్ళు చూసి పట్టుకుంటారు. మార్చి మధ్యలో అక్కడ చాలా యూనివర్సిటీలకు స్ప్రింగ్ బ్రేక్ అని వారం సెలవులు ఉంటాయి కాబట్టి ఆ వారంలో ఒకటే ఇచ్చి, మిగతా రెండూ ఆ పై వారంలో ఇవ్వమన్నాను.

ఉద్యోగం గురించి మీ భయం అర్థమైంది. హైదరాబాద్‌లో అమెరికా ప్రాజెక్టుల్లో పనిచేసే పిల్లలకు ఇది రోజువారీ బతుకు. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిరగ్గానే రాత్రి 7:30కి ఉండే స్టాండప్ కాల్, అంటే టీమ్ అంతా రోజూ కలిసే చిన్న మీటింగ్, 8:30 అవుతుంది. దాంతో క్యాబ్ టైమ్ మారుతుంది, హాస్టల్లో అన్నం వేళ తప్పుతుంది. అందుకే ఆఫర్ వచ్చినప్పుడు హెచ్‌ఆర్‌ని ఒక ప్రశ్న అడగమని నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ చెబుతాను: ‘కాల్స్ మన టైమ్ ప్రకారం ఫిక్సా, క్లయింట్ టైమ్ ప్రకారం ఫిక్సా?’ జీతం గురించి పది ప్రశ్నలు అడిగేవాళ్ళు దీన్ని అడగరు, ఆరు నెలలయ్యాక నిద్ర లేదని నా దగ్గర ఏడుస్తారు. లండన్ కూడా కలిసిన ప్రాజెక్టయితే ఇంకో చిక్కు ఉంది. వాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం దాకా, అంటే ఈసారి 29 దాకా మారరు. ఈ మూడు వారాలూ న్యూయార్క్, లండన్ మధ్య మామూలుగా ఉండే ఐదు గంటల తేడా నాలుగే. సిడ్నీ అయితే మొత్తం తిరగేసి ఉంటుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మనకన్నా ఐదున్నర గంటలు ముందు, మిగతా నెలల్లో నాలుగున్నర. వాళ్ళ ఉదయం 9 గంటల కాల్‌కి కూర్చోవాలంటే మన దగ్గర తెల్లవారుజామున మూడున్నరకో నాలుగున్నరకో లేవాలి.

అప్లికేషన్ గడువులు కూడా ఇదే దారి. రాత్రి 11:59, ఈస్టర్న్ టైమ్ (అంటే న్యూయార్క్ టైమ్) అని ఉంటే మనకు మర్నాడు ఉదయం 9:29 లేదా 10:29. చేతిలో అదనంగా ఓ పూట ఉన్నట్టు అనిపిస్తుంది. ఫీజు కట్టే కార్డు ఆ పూటే మొరాయిస్తుంది.

మీరు తగిలించిన గడియారం మంచి ఆలోచనే, తీసేయకండి. దాని మీద ‘అమెరికా’ అని కాకుండా ‘డాలస్’ అని చిన్న కాగితం అంటించండి. మార్చి 8కి ముందే తగిలించి ఉంటే అది గంట వెనక నడుస్తూ ఉంటుంది, ముందుకు తిప్పండి. మళ్ళీ నవంబరు 1, ఆదివారం, అక్కడ తెల్లవారుజామున 2 గంటలకు మారుతుంది. మనకప్పుడు మధ్యాహ్నం 12:30. భోజనానికి కూర్చునే ముందు స్టూలెక్కి ఒక గంట వెనక్కి తిప్పండి. ఆ పని అమ్మాయికే అప్పజెప్పినా సరే.