కైలాసం ఎవరూ ఎందుకు ఎక్కలేదు? కొండల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కైలాసం ఎక్కబోయిన వాళ్లంతా చనిపోయారనీ, అక్కడ టైమ్ స్పీడ్‌గా నడుస్తుందనీ, ఒక్క రోజులోనే గోళ్లు, జుట్టు పెరిగిపోతాయనీ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నిజమేనా? ఎవరెస్ట్ ఎక్కినోళ్లు దీన్ని ఎందుకు ఎక్కలేకపోయారు?

జవాబు: గోళ్ల సంగతి ముందే తేల్చేద్దాం, దానికి ఆధారం ఏమీ లేదు, ఇంకొకళ్లకి ఫార్వర్డ్ చెయ్యకండి. ఇక ఎక్కడం గురించి. కైలాసం ఎత్తు 6638 మీటర్లు, ఎవరెస్ట్ 8848.86 మీటర్లు, అంటే రెండు వేల మీటర్లకి పైగానే తేడా ఉంది, కాబట్టి ఎత్తు చూసి జనం ఆగిపోయారనుకోడానికి లేదు. ఎక్కినట్టు రికార్డు లేదన్న మాట మాత్రం నిజం. 1980ల్లో చైనా ప్రభుత్వం రైన్‌హోల్డ్ మెస్నర్‌కి పర్మిషన్ ఇస్తామంటే ఆయనే వద్దన్నాడు. ఈ మెస్నర్ ఎవరనుకున్నారు, 1978లో పీటర్ హబెలర్‌తో కలిసి ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కి, 1986కల్లా 8000 మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాలూ ఎక్కేసిన మొదటి మనిషి. అలాంటాయన చేతకాక వద్దన్నాడంటే ఎవరు నమ్ముతారు చెప్పండి.

మనకది శివుడి ఇల్లు, జైనులకి ఋషభదేవుడు మోక్షం పొందిన చోటు, టిబెట్ బౌద్ధులకీ బోన్ మతం వాళ్లకీ కూడా అంతే పవిత్రం. వీళ్లెవరికీ పైకెక్కాలని ఉండదు, చుట్టూ తిరగడమే వాళ్లకి ముఖ్యం. పరిక్రమ దాదాపు 52 కిలోమీటర్లు, హిందువులూ బౌద్ధులూ కుడివైపుగా తిరిగితే బోన్ వాళ్లు ఎడమవైపుగా తిరుగుతారు, కొందరు టిబెట్ వాళ్లయితే ఆ దారంతా సాష్టాంగ నమస్కారాలు పెట్టుకుంటూనే పూర్తి చేస్తారు, అది వారాల పని. నాకు విడ్డూరంగా అనిపించేది ఏంటంటే, పైన ఎవరూ వెళ్లని చోట ఏదో మాయ ఉందని పుకార్లు పుట్టిస్తాం గానీ కింద వేలమంది నడిచే దారిలో ఉన్న అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. ఆ దారిలో డోల్మా లా అనే కనుమ 5600 మీటర్లు దాటి ఉంటుంది, యాత్రికుల ప్రాణాల మీదకి వచ్చేది అలాంటి చోట్లే. కింది ప్రశ్న కూడా దాని గురించే.

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు, రోజూ వాకింగ్ చేస్తారు, బీపీ షుగర్ లేవు. నేను జిమ్‌కి వెళ్తాను. ఇద్దరం కైలాస పరిక్రమకి వెళ్దామనుకుంటున్నాం. మాకు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాదు కదండీ?

జవాబు: మీ నాన్నగారి కంటే మీ గురించే నాకు ఎక్కువ భయం. పైకి వెళ్తే గాల్లో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు, శాతం ఎక్కడైనా దాదాపు 21 దగ్గరే ఉంటుంది, తగ్గేది గాలి ఒత్తిడి. దాంతో ఒక్కో శ్వాసకీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది, ఎవరెస్ట్ పైన అయితే సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతే. దీనికి శరీరం అలవాటు పడాలంటే రోజులు కావాలి, కండలుంటే ఆ రోజులేమీ తగ్గవు. పైగా జిమ్ కుర్రాళ్లు నాకేం కాదులే అని గబగబా ఎక్కేస్తారు, తలనొప్పి వచ్చినా పక్కోళ్లకి చెప్పరు, అక్కడే దెబ్బ తింటారు.

3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్ల కన్నా ఎక్కువ ఎత్తులో ఉండకుండా చూసుకోండి, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెరగకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఇంకా పైకి వెళ్లొచ్చినా పర్లేదు, పడుకునేది మాత్రం కిందే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఇవన్నీ మొదటి గుర్తులు, అవి తగ్గేదాకా పైకి అడుగు వెయ్యొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తోందంటే, దగ్గులో నురగ పడుతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడుతున్నా, తాగినవాడిలా తూలుతున్నా మెదడు వాస్తున్నట్టు, మడమకి బొటనవేలు ఆనించి తిన్నగా గీత మీద నడవమనండి, నడవలేకపోతే అర్ధరాత్రయినా సరే కిందకి దించెయ్యాలి, ఒంటరిగా మాత్రం పంపొద్దు. ఆక్సిజన్, మందులు టైమ్ కొనిస్తాయంతే, అసలు వైద్యం దిగడమే. అసిటజోలమైడ్ అనే మాత్ర అలవాటు పడడానికి సాయం చేస్తుంది, కానీ సల్ఫా మందులు పడనివాళ్లు ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి, ఎవరో చెప్పారని మింగెయ్యకండి. మద్యం, నిద్రమాత్రలు అక్కడ అస్సలు వద్దు. ఇంకో మాట, టూర్ బుక్ చేసేటప్పుడు తక్కువ రోజుల ప్యాకేజీ చూసి మురిసిపోకండి.

ప్రశ్న: ఎవరెస్టే అన్నిటికన్నా ఎత్తు కదా, మరి అన్నపూర్ణ, కే2 ఇంకా ప్రమాదం అంటారేంటి?

జవాబు: ఎత్తు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. అన్నపూర్ణ 8091 మీటర్లు, 8000 దాటిన శిఖరాల్లో మనిషి మొదట ఎక్కింది ఇదే, 1950 జూన్ 3న ఫ్రాన్స్‌కి చెందిన మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ ఎక్కారు. దిగొచ్చేసరికి మంచు కాటుకి ఎర్జోగ్ చేతివేళ్లూ కాలివేళ్లూ పోయాయి, లాషెనాల్ కాలివేళ్లు పోయాయి. మంచు చరియలు ఎప్పుడు విరిగిపడతాయో చెప్పలేని కొండ అది, చాలా ఏళ్లపాటు ముగ్గురు పైకి చేరితే ఒకరు చనిపోయిన లెక్క ఉండేది, ఈమధ్య కాస్త తగ్గింది. తల్లి పేరు పెట్టుకున్న కొండకి ఇంత కోపమా అనిపిస్తుంది. కే2 అయితే 8611 మీటర్లు, శిఖరానికి కాస్త కింద బాటిల్‌నెక్ అనే ఇరుకు దారి, నెత్తి మీద వేలాడే పెద్ద మంచు గోడ. చలికాలంలో దాన్ని మొదటిసారి ఎక్కింది 2021 జనవరి 16న, పదిమంది నేపాలీలు కలిసి.

అలాగని ఎవరెస్ట్ తేలిక అనుకోవద్దు, అక్కడ ఇప్పటిదాకా 300 మందికి పైగా పోయారు. 2014 ఏప్రిల్ 18న, పైకెళ్లే దారిలో పగుళ్లతో నిండిన మంచు ప్రాంతమైన ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది చనిపోతే అందరూ నేపాలీ కార్మికులే. నిచ్చెనలు వేసేది, తాళ్లు కట్టేది, సామాన్లు మోసేది వాళ్లే, డబ్బు కట్టి వచ్చినవాళ్లు ఆ మంచు దారిని కొన్నిసార్లు దాటితే చాలు, వీళ్లు సీజన్ అంతా దాటుతూనే ఉండాలి. పేపర్‌లో ఫొటో మాత్రం జెండా పట్టుకున్నవాళ్లదే వస్తుంది.

ప్రశ్న: ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఎక్కువమంది పోతారంటారు, ఎందుకని?

జవాబు: ఉన్న బలమంతా ఎక్కడానికే ఖర్చు పెట్టేస్తారు కాబట్టి. సిలిండర్‌లో ఆక్సిజన్ అయిపోతుంటుంది, పొద్దు వాలుతుంది, మబ్బులు కమ్ముతాయి, అన్నిటికీ మించి సాధించేశాం అని మనసు సడలుతుంది. ఇది పాత కథే, 1865 జూలై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ మీదకి మొదటిసారి ఏడుగురు చేరారు, దిగేటప్పుడు ఒకరు జారితే తాడు తెగి నలుగురు పోయారు. అందుకే తెలిసినవాళ్లు ముందే ఒక టైమ్ పెట్టుకుంటారు, ఆ టైమ్ దాటితే శిఖరం కళ్లెదుట వంద మీటర్లలో ఉన్నా వెనక్కి తిరగడమే. లక్షలు ఖర్చుపెట్టి, ఏళ్ల తరబడి కల కని, అక్కడిదాకా వెళ్లి తిరగడం ఎంత కష్టమో ఊహించండి.

ప్రశ్న: దేవుడని మొక్కే కొండని తొక్కడం తప్పు కాదా?

జవాబు: ఆ కొండ కింద బతికేవాళ్లు ఏమంటారో వినాలి. ఎవరెస్ట్ మీద మియోలాంగ్‌సాంగ్మా అనే దేవత ఉంటుందని షెర్పాల నమ్మకం, అయినా వాళ్లే ఎక్కుతారు, అది వాళ్ల జీవనాధారం. కాకపోతే ముందు బేస్ క్యాంప్‌లో పూజ జరగాలి, మంచు గొడ్డళ్లు కూడా అక్కడ పెట్టి దీవెన తీసుకోవాలి, ఆ తర్వాతే ఐస్‌ఫాల్‌లో అడుగు. సిక్కిం వాళ్లకి కాంచన్‌జంగ దైవం. 1955లో మొదట ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బాండ్ సిక్కిం రాజుకి ఇచ్చిన మాట ప్రకారం కొన ఇంకా కొన్ని అడుగులుందనగా ఆగిపోయారు, తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది అదే పాటించారు. నేపాల్‌లో మచ్ఛపుచ్ఛ్రే మీదా అంతే, 1957లో ఒక బ్రిటిష్ టీమ్ వాళ్లు శిఖరానికి కొద్ది దూరంలో ఆగి తిరిగొచ్చారు, ఆ తర్వాత ఆ కొండని ఎక్కేవాళ్లకి మూసేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఉత్తరాఖండ్ వాళ్ల పద్ధతి. నందాదేవి వాళ్లకి భయపెట్టే దేవతా, ఇంటి ఆడపడుచూ రెండూనూ. పన్నెండేళ్లకోసారి రాజ్ జాత్ యాత్ర చేసి, నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుంటే, కన్నీళ్లతో పాటలు పాడుతూ ఆమెని అత్తారింటికి, అంటే కైలాసానికి, సాగనంపుతారు. 7816 మీటర్ల శిఖరం చుట్టూ ఉన్న లోపలి ప్రాంతాన్ని 1980ల మొదట్లోనే ప్రభుత్వం మూసేసింది, యాత్ర మాత్రం ఆగలేదు.

ప్రశ్న: ఇంకా ఎవరూ ఎక్కని కొండల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఏది?

జవాబు: భూటాన్‌లో గాంగ్ఖర్ పుయెన్సుమ్, 7570 మీటర్లు. 1980ల్లో కొన్ని టీమ్‌లు ప్రయత్నించి కుదరక వెనక్కి వచ్చాయి. 1994లో 6000 మీటర్లు దాటిన కొండలు ఎక్కొద్దని భూటాన్ రూల్ పెట్టింది, 2003 నుంచి పర్వతారోహణే పూర్తిగా బంద్. ఎక్కనిస్తే ఫీజుల రూపంలో బోలెడు డబ్బు వచ్చేది, అయినా అక్కర్లేదంది.