పిచర్ గురించి రాసేముందు

ఒరేయ్ చిన్నా,

కాలేజీ పేపర్‌కి బేస్‌బాల్ రాస్తున్నావని మీ నాన్న చెప్పాడు, పంపిన రెండు వ్యాసాలూ చదివాను. రాత బాగుంది. కానీ మొదటి వాక్యంలోనే పిచర్ (బంతి విసిరేవాడు) పేరు పక్కన 9-3 అని, అంటే అతని ఖాతాలో తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు అని పెట్టి, ఇక దాని మీదే మొత్తం పొగిడేశావు చూడు, అది నచ్చలేదు. టీవీవాళ్లూ అలాగే మొదలుపెడతారు, నిజమే. న్యూజెర్సీలో ఉంటూ ఇన్నేళ్లుగా న్యూయార్క్ మెట్స్ టీమ్ మ్యాచ్‌లు చూస్తున్నవాణ్ణి, ఆ లెక్క ఎంత అన్యాయంగా ఉంటుందో నన్నడుగు.

2018లో మా మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ 217 ఇన్నింగ్స్ వేసి 269 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేయడం) చేశాడు, ఈఆర్ఏ 1.70, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. అతని రికార్డు? 10-9. మనవాళ్లు బ్యాట్ ఊపకపోతే అతనేం చేస్తాడు, తను దిగిపోయాక బుల్‌పెన్, అంటే తర్వాత వచ్చే పిచర్లు, లీడ్ పోగొడితే అతనేం చేస్తాడు! 2024-25లో ఆస్ట్రేలియాలో బుమ్రా 32 వికెట్లు తీశాడు, సిరీస్ మాత్రం 3-1తో పోయింది, ఆ ఓటమిని బుమ్రా పేరున ఎవరైనా రాశారా?

రైటర్లు కూడా ఇది నేర్చుకోవడానికి చాలా ఏళ్లు తీసుకున్నారు. ఒక్కో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కి ఏటా ఇచ్చే సై యంగ్ అవార్డుకి ఓట్లేసేది వాళ్లే. 1990లో 27 గెలుపులున్న బాబ్ వెల్చ్‌కి ఇచ్చారు, 1.93 ఈఆర్ఏతో ఉన్న రోజర్ క్లెమెన్స్‌ని పక్కనపెట్టి. 2010లో ఫీలిక్స్ హెర్నాండెజ్ 13-12తో గెలిచినప్పుడు పెద్ద గొడవే అయింది, ఆ ఏడు అతని టీమ్ మెరైనర్స్ మొత్తం సీజన్‌లో చేసినవి 513 పరుగులే మరి. ఇక 2025లో పాల్ స్కీన్స్ 10-10 అయినా ఏకగ్రీవంగా ఇచ్చేశారు, పెద్దగా ఎవరూ నోరెత్తలేదు.

సరే, ఈఆర్ఏ ఒక్కటి చూస్తే చాలదా అంటావు. చాలదు. ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) వల్ల వచ్చిన పరుగుని ఈఆర్ఏలో కలపరు, కానీ స్లోగా కదిలే ఫీల్డర్ బంతి దగ్గరకే చేరకపోతే అది ఎర్రర్ కాదు, హిట్ అవుతుంది, ఆ పరుగు పిచర్ ఖాతాలోనే పడుతుంది. అతను ఇద్దర్ని బేస్‌ల మీద వదిలి దిగిపోయాక, వచ్చినవాడు వాళ్లని హోమ్‌కి రానిచ్చి పరుగులిస్తే ఆ రెండూ దిగిపోయినవాడికే రాస్తారు. డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో పల్చటి గాలికి బంతి ఎగిరిపోవడం సంగతి ఇక వేరే.

అందుకే స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్), హోమ్ రన్లు విడిగా చూడు. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డ బంతి హిట్ అవుతుందా లేదా అన్నది పిచర్ చేతిలో పెద్దగా లేదని 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ రాసినప్పుడు చాలామంది నవ్వారు, ఇప్పుడు ఎఫ్‌ఐపీ అని, ప్రధానంగా ఈ మూడింటినే చూసే లెక్క ఒకటి దాని మీదే నడుస్తోంది. అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోకు. 2021లో కార్బిన్ బర్న్స్ 167 ఇన్నింగ్స్‌లో అద్భుతంగా వేశాడు, జాక్ వీలర్ 213కి పైగా వేశాడు. సై యంగ్ మొదటి స్థానం ఓట్లు ఇద్దరికీ 12 చొప్పున వచ్చాయి, చివరికి పాయింట్ల మీద 151-141తో బర్న్స్‌కి వెళ్లింది. నేనైతే వీలర్‌కే వేసేవాణ్ణి. అదనంగా 46 ఇన్నింగ్స్ మోయడమంటే బుల్‌పెన్ మొత్తానికి ఊపిరి, అది ఎఫ్‌ఐపీలో కనిపించదు. నువ్వు బర్న్స్ అన్నా సరే, ఎందుకో రాయి.

వార్ (WAR, మామూలు బదులు ఆటగాడికంటే ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడన్న లెక్క) అని ఒక్క నంబర్ పడేసేటప్పుడు మాత్రం అది ఏ వెబ్‌సైట్‌దో చెప్పు. ఫ్యాన్‌గ్రాఫ్స్ ఎఫ్‌ఐపీ నుంచి లెక్కేస్తుంది, బేస్‌బాల్ రిఫరెన్స్ ఏమో పిచర్ ఇచ్చిన పరుగుల నుంచి. రెండూ ఒకటి కావు.

సీజన్ మొదట్లో మూడు మ్యాచ్‌లు చూసి 'వీడి పనైపోయింది' అని అరిచే టాక్ షోల వెంట పడకు. ఫాస్ట్‌బాల్ స్పీడ్ నిరుటికంటే తగ్గిందా చూడు. తగ్గితే రాయాల్సిన విషయమే. స్పీడ్ అలాగే ఉండి, మెల్లగా తగిలిన బంతులు ఫీల్డర్ల మధ్య పడుతున్నాయంటే కొన్నాళ్లు ఆగు.

మీ కాలేజీ మ్యాచ్‌లకి ఇన్ని లెక్కలు దొరకవు, తెలుసు. కానీ నీకు టీవీవాళ్లకంటే ఒక సౌకర్యం ఉంది, ఆ కుర్రాడు నీ క్లాస్‌లోనే ఉంటాడు. మ్యాచ్ అయ్యాక 'ఎలా ఫీలవుతున్నావ్' అని అడగడం మానేసి, రెండు స్ట్రైక్‌లు పడ్డాక ఏ బంతి వేశావు, ఎందుకు వేశావు అని అడుగు. క్యాచర్‌ని కూడా అడుగు, వేరే మాట చెప్తాడు, ఆ రెండూ పక్కపక్కన పెట్టి రాయి.

మీ బాబాయి