ఎలిజబెత్ ఎవరి కూతురు?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది, శ్రద్ధగా చదివాను. మీ ఆయన వాళ్ళ వంశం 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికా వచ్చిన జాన్ హౌలాండ్ దాకా వెళ్తుందనీ, ఆ కథను పాప కోసం తెలుగులో రాస్తున్నాననీ నువ్వు చెప్పినప్పుడే నాకు చాలా సంతోషం వేసింది. నీ పుట్టింటి సంగతులు దానికి చెప్పడానికి ఊళ్ళో ఇంకా పెద్దవాళ్ళున్నారు. అటువైపు సంగతులు తెలుగులో చెప్పేదానివి నువ్వొక్కదానివే. అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొదటి అధ్యాయంలో జాన్ భార్య ఎలిజబెత్‌ను, ఆ ఓడవాళ్ళు కట్టుకున్న ప్లిమత్ వలసకు మొదటి గవర్నరైన కార్వర్ మనవరాలిని చేశావు. మీ ఆయన అమ్మమ్మగారు అలాగే చెప్పారన్నావు. ఆవిడ తప్పేమీ లేదు. చాలా తరాలపాటు ఆ వంశంలో ఎంతోమంది కార్వర్ రక్తం తమదేనని నమ్మారు. ప్లిమత్‌కు చాలాకాలం గవర్నరుగా చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఆ వలస చరిత్రను తన చేత్తో రాసిపెట్టాడు. ఆ రాతప్రతి ఆచూకీ లేకుండా పోయి, చివరికి 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది. మరుసటి ఏడు అచ్చయింది. ఓడలో ఎవరెవరు వచ్చారో, తర్వాత ఎవరేమయ్యారో అందులో జాబితా ఉంది. ఎలిజబెత్ జాన్ టిల్లీ అనే మామూలు ప్రయాణికుడి కూతురని దాంతో తేలింది.

ఆ పిల్లకు అప్పటికి పదమూడేళ్ళు. అమ్మ, నాన్న, వాళ్ళతో వచ్చిన బాబాయి, పిన్ని అందరూ మొదటి చలికాలంలోనే పోయారు. ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది ఆ చలికాలం దాటలేదు. ఇక జాన్ హౌలాండ్, గవర్నర్ కార్వర్ దగ్గర పనివాడు. తుఫానులో ఓడ మీంచి సముద్రంలో పడిపోయి, వేలాడుతున్న తెరచాప తాడు దొరకబుచ్చుకుని బతికాడని బ్రాడ్‌ఫర్డే రాశాడు. కార్వర్ దంపతులు కూడా 1621లోనే చనిపోయారు. యజమానిని పోగొట్టుకున్న పనివాడు, అందరినీ పోగొట్టుకున్న పిల్ల పెళ్ళి చేసుకుని పదిమంది పిల్లల్ని కన్నారు, పదిమందీ పెరిగి పెద్దయ్యారు. ఇంత కథ చేతిలో ఉండగా గవర్నరు మనవరాలు నీకెందుకు?

అలాగని అమ్మమ్మగారి మాట కొట్టెయ్యకు. ఆవిడ చెప్పినట్టుగానే, ఆవిడ నోటి మాటగానే ముందు పెట్టు. ఆ తర్వాత బ్రాడ్‌ఫర్డ్ జాబితా చూపించు. దిక్కులేని పిల్లను గవర్నరు ఇంటి పిల్లగా చెప్పుకోవాలని ఒక కుటుంబానికి ఎందుకనిపించిందో పాఠకులు ఆలోచించుకుంటారు. నువ్వు వివరించబోతే చెడుతుంది.

కొన్ని చిన్న విషయాలు. జాన్ చనిపోయిన సంవత్సరం ఒకచోట 1672, ఇంకోచోట 1673 అని రాశావు. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఆయన పోయిన ఫిబ్రవరిని 1672/73 అని రాస్తారు. నువ్వూ అలాగే రాయి. ఆ కాలపు కాగితాల్లో సీనియర్, జూనియర్ అని కనిపిస్తే తండ్రీకొడుకులనుకుని టెన్షన్ పడకు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాణ్ణి, చిన్నవాణ్ణి గుర్తుపట్టడానికి కూడా అలా రాసేవారు. 1790 నాటి అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది. మిగతావాళ్ళు అంకెలే, వాళ్ళకు నువ్వు పేర్లు పెట్టకు.

రెండో అధ్యాయంలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన పూర్వికుడి గురించి రాశావు కదా. ఆయన భార్య పింఛను అర్జీ వెతికావా? భర్త పోయాక పింఛను రావాలంటే పెళ్ళి జరిగిందని ఆవిడే రుజువు చూపించాలి. ఊళ్ళో రిజిస్టరు లేకపోతే ఇంటి బైబిల్లో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ రాసుకున్న పేజీనే చింపి అర్జీకి జతచేసినవాళ్ళున్నారు. అవి ఇప్పటికీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పిల్లల పేర్లు రాసుకున్న పేజీని తన చేత్తో చింపడానికి ఒక ముసలావిడకు ఎంత అవసరం వచ్చుండాలి! యుద్ధం గురించి నువ్వు రాసిన నాలుగు పేజీల కన్నా అలాంటి ఒక్క అర్జీ దొరికితే నాకు ఎక్కువ.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి. ప్లిమత్‌ను ఖాళీ నేల అన్నావు. అక్కడ పటక్సెట్ అనే ఊరుండేది. ఓడ రావడానికి కొద్ది ఏళ్ళ ముందు తెల్లవాళ్ళ రాకపోకలతో అంటుకున్న జబ్బుకు ఆ ఊరు ఊరంతా పోయింది. దున్నిన పొలాలు అలాగే మిగిలాయి, వీళ్ళు వచ్చి వాటిలో నాటుకున్నారు. 1621లో ప్లిమత్ వాళ్ళతో ఒడంబడిక చేసుకున్న, అక్కడి స్థానిక వాంపనాగ్ తెగ నాయకుడు మస్ససోయిట్ కొడుకు మెటకామ్ 1675లో అదే ప్లిమత్ మీద యుద్ధానికి దిగాడు. యుద్ధం ఆ వలసలోని స్వాన్సీ అనే ఊళ్ళో మొదలైంది. యుద్ధం చివర్లో మెటకామ్ భార్యనూ కొడుకునూ పట్టుకున్నారు, ఆ కొడుకును బానిసగా అమ్మేశారు. నీ ఎలిజబెత్ 1687లో కన్నుమూసింది ఆ స్వాన్సీలోనే. ఆమె చివరి రోజులు రాసేటప్పుడు ఈ మాట రాయకుండా దాటిపోతే, రేపు నీ కూతురు ఎక్కడో చదివి నిన్నే అడుగుతుంది.

నువ్వు రాసిన టోనీ గురించి కూడా చెప్పాలి. 1635లో వర్జీనియాలో జార్జ్ మెనెఫీ అనే ఆసామి తాను రప్పించిన మనుషుల లెక్క చూపి భూమి అడిగాడు. అప్పట్లో అలా రప్పించినవాళ్ళకు తలకు యాభై ఎకరాలు ఇచ్చేవారు. ఆ జాబితాలో టోనీ పేరు పక్కన ‘ఈస్ట్ ఇండియన్’ అని ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1611 నుంచే మచిలీపట్నంలో వ్యాపారం చేస్తున్నారు కాబట్టి అతను మనవాడే అయ్యుంటాడని రాశావు. నీ ఆశ నాకు అర్థమైంది, చదువుతుంటే నా గుండె కూడా ఝల్లుమంది. కానీ ఆ రోజుల్లో తూర్పు దేశాల్లో ఎక్కడినుంచి వచ్చినా అలాగే రాసుకునేవారు. అతని ఊరు, భాష ఆ జాబితాలో లేవు. తెలుగువాడంటే మనకు బావుంటుంది, అతనికి మాత్రం అన్యాయం. పైగా హౌలాండ్ కుటుంబానికీ అతనికీ సంబంధం లేదు. ఈ పుస్తకంలోంచి తీసి విడిగా వ్యాసం రాయి, ఏ పత్రికకు పంపాలో నేను చెప్తాను.

ఎలిజబెత్ 1686లో రాయించిన వీలునామా ఉంది. దాని నకలు సంపాదించి, ఎవరికి ఏమిచ్చిందో వరుసగా చూసి, మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. సంక్రాంతిలోపు వస్తే పండగ సెలవుల్లో చదువుతాను. అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, పాపకు ముద్దులు.

మీ మాస్టారు