ఒరిజినల్ అని అమ్మిన రోబో బొమ్మ నకిలీ అయితే...

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రోబో ఫిగర్లు సేకరించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. నాలుగు నెలల క్రితం విజయవాడలో ఒక షాపులో ఆప్టిమస్ ప్రైమ్ (ట్రాన్స్‌ఫార్మర్స్ కథల్లో ట్రక్కుగా మారే రోబో) మాస్టర్‌పీస్ ఎంపీ-10 మోడల్ ఫిగర్లు రెండు కొన్నాను. ఒక్కోటి 7,500 రూపాయలు, యూపీఐలో కట్టాను. ఒకటి షెల్ఫులో పెట్టుకోవడానికి, రెండోది సీల్ తీయకుండా దాచి రేటు పెరిగాక అమ్ముకోవడానికి. మొదటిది విప్పి చూస్తే తుంటి జాయింట్లు వదులుగా ఉన్నాయి, ఒంటికాలి మీద నిలబడదు. ట్రక్కుగా మారిస్తే ప్యానెళ్ల మధ్య సందులు. ఛాతీ మీద పెయింట్ గీతలు. వీపు మీద మూపురంలా కనిపించే ఆ డిజైన్ కూడా నాకు నచ్చలేదు. మూడో రోజే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాను. "కలెక్టర్ ఐటమ్ బ్రో, ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదు" అన్నాడు. బిల్లు మీద "టాయ్స్ – 2" అని మాత్రమే రాసి, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర వేశాడు. నేను ఆన్‌లైన్‌లో రివ్యూ రాశాను, దానికి పరువు నష్టం దావా వేస్తానంటున్నాడు. తయారీదారు మీద, షాపు మీద ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కింద కేసు వేయొచ్చా? అన్నట్టు, బొమ్మ మీద ఎక్కడా కంపెనీ కాపీరైట్ ముద్ర లేదు. కొనేముందు "పక్కా జపాన్ పీస్, టకారా టోమీ ఒరిజినల్" అని అతను పెట్టిన మెసేజ్ నా దగ్గర ఉంది (టకారా టోమీ అంటే ఈ ఫిగర్ తయారుచేసే జపాన్ కంపెనీ).

జవాబు: మీ కేసులో అసలు బలమంతా మీరు "అన్నట్టు" అని చివర్లో రాసిన రెండు వాక్యాల్లో ఉంది. జాయింట్లు, సందులు, మూపురం గురించి రాసినదంతా దాని తర్వాతే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) "లోపం" అంటే ఏమిటో చెబుతుంది. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం ఒకటి. అమ్మినవాడు ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న నాణ్యత లేకపోవడం ఇంకొకటి. ఈ రెండోది మీకు సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. "టకారా టోమీ ఒరిజినల్" అన్న ఆ ఒక్క మెసేజే మీ బొమ్మకు కొలబద్ద. అది ఒరిజినల్ కాదని తేలితే, జాయింటు ఎంత వదులుంటే లోపం, ఎంత వరకు మామూలు అన్న వాదనే అక్కర్లేదు. అసలైనదని అబద్ధం చెప్పి అమ్మే సరుకును సెక్షన్ 2(43) నకిలీ సరుకు కింద లెక్కేస్తుంది.

అదే జాయింట్ల మీదే కేసు నడిపితే చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. పరీక్ష చేస్తే గానీ తేలని లోపమైతే, వినియోగదారుల కమిషన్ ఆ వస్తువుకు సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపుతుంది. రిపోర్టుకు 45 రోజుల గడువు. ప్లాస్టిక్‌లో ఏముంది, పెయింట్‌లో సీసం ఎంత అన్నది ల్యాబ్ చెప్పగలదు. ఆప్టిమస్ ప్రైమ్ తుంటి ఎంత బిగువుగా ఉండాలో చెప్పే ప్రమాణం మాత్రం ఎక్కడా రాసి లేదు. ఒరిజినల్ ఫిగర్లలో కూడా పీసుకూ పీసుకూ కొంత తేడా ఉంటుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఎదుటి పక్షం లాయరు పట్టుకునేది అక్కడే. మూపురం సంగతైతే పూర్తిగా మీ అభిరుచి. కొనేముందు ఫొటోల్లో కనిపించిన డిజైనే చేతికొచ్చినప్పుడు, నచ్చలేదన్న కారణంతో ఏ కమిషనూ డబ్బు వాపసు ఇప్పించదు.

ప్రొడక్ట్ లయబిలిటీ ఆలోచన వదిలేయండి. అది ఆరో అధ్యాయంలో ఉంది, డిజైన్ లోపం అనే మాట కూడా అక్కడ కనిపిస్తుంది కాబట్టి చాలామంది మీలాగే అటు పోతారు. ఆ అధ్యాయం వర్తించాలంటే ఆ వస్తువు వల్ల మనిషికి గాయమో, వేరే ఆస్తికి నష్టమో జరగాలి. వస్తువుకే జరిగిన నష్టం దాని కిందకు రాదని సెక్షన్ 2(22) స్పష్టంగా చెబుతోంది. పైగా ఇది నకిలీ అని మీరే అంటూ, అసలు కంపెనీని పార్టీగా చేర్చడంలో అర్థం లేదు. షాపు ఒక్కటి చాలు.

నకిలీ అని రుజువు చేయడం ఎలా? ఎంపీ-10 వచ్చింది 2011లో. టకారా, టోమీ కంపెనీలు 2006లోనే కలిసిపోయాయి కాబట్టి ఈ మోడల్ మీద టకారా టోమీ పేరుతో కాపీరైట్ ముద్ర ఉండాలి. చాలా నకిలీల్లో ఈ ముద్రను అచ్చులోనే చెరిపేస్తారు. ఒరిజినల్ ఉన్న తోటి కలెక్టర్ ఎవరైనా ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి, ముద్ర ఉండాల్సిన చోటు, డబ్బా మీది అచ్చు, స్క్రూలు, పెయింట్ అంచులు దగ్గర నుంచి ఫొటోలు తీయండి. ఆయన చేత అఫిడవిట్ రాయించండి. కంపెనీకి ఫొటోలతో ఈమెయిల్ పెట్టి, జవాబొస్తే దాన్నీ జత చేయండి. బరువును మాత్రం ఆధారంగా చూపకండి. డై కాస్ట్ లోహం ఎక్కువ పోసి, ఒరిజినల్ కంటే బరువుగా చేసే నకిలీలు కూడా మార్కెట్లో ఉన్నాయి. "బరువు చూడండి సార్, ఇది నకిలీ ఎలా అవుతుంది" అని వాళ్లే తిప్పికొడతారు.

ముఖ్యంగా, ఆ బొమ్మను ఇప్పుడు ముట్టుకోకండి. వదులు జాయింట్లకు నెయిల్ పాలిష్ పూయడం, స్క్రూలు బిగించడం కలెక్టర్లకు మామూలే. మీరు ఒక్కసారి స్క్రూడ్రైవర్ పెట్టారా, "విప్పి పాడుచేసింది ఆయనే" అన్న డిఫెన్స్ వాళ్ల చేతికి మీరే అందించినట్టు.

రెండో బొమ్మ దగ్గర జాగ్రత్త కావాలి. తిరిగి అమ్మడానికి కొన్నవాడు సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారుడు కాడు. రేటు పెరిగాక అమ్ముతానని నాకు రాసినట్టే షాపువాడికి కూడా చెప్పి ఉంటే, రెండింటి మీదా ఆ మచ్చ వేయాలని చూస్తారు. దాచిపెట్టి అబద్ధం మాత్రం రాయకండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం ప్రశ్నించేటప్పుడు) బయటపడితే మొత్తం కేసు పోతుంది. డబ్బు వాపసు మొదటిదానికే అడగండి. సీల్ తీయని రెండోదాన్ని కమిషన్ ముందు విప్పడానికి నమూనాగా ఇస్తామని రాయండి. అందులోనూ ముద్ర లేకపోతే, మొదటిదాన్ని మీరే మార్చారని ఎవరూ అనలేరు. రెండోదాని 7,500 కోసం సివిల్ కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. ఖర్చుకే సరిపోతుంది.

వాళ్లు వేసే ఇంకో ప్రశ్న ధర గురించి. "ఈ రేటుకి ఒరిజినల్ రాదని ఇన్నేళ్ల కలెక్టర్‌కి తెలియదా?" అంటారు. ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. ఒరిజినలేనా అని మీరు ముందే అడిగిన మెసేజ్ ఉంటే అదే దీనికి జవాబు. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కూడా పెట్టండి.

వాపసు తీసుకోబడదు అన్న ముద్ర చూసి బెదరకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ లేకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మీరు మూడో రోజే అడిగారు. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే తూనికలు కొలతల శాఖకు విడిగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఐఎస్ఐ మార్కు లేదన్న వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యత ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వాటికి. డబ్బా మీద 15 ఏళ్లు దాటిన వారికి అని ఉంటే ఆ వాదన నిలవడం కష్టం.

కేసు కోసం విజయవాడ తిరగాల్సిన పని లేదు. మీరు ఉండే చోటే వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు. కొన్న రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు (నా తోటి లాయర్లు తిట్టుకున్నా ఇది నిజం). ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. చాలా షాపులు నోటీసు అందగానే రాజీకి వస్తాయి. మానసిక వేదనకు రెండు లక్షలు అని మాత్రం రాయకండి. 7,500 బొమ్మకు ఆ అంకె చూస్తే అసలు ఫిర్యాదు మీదే నమ్మకం తగ్గుతుంది. బొమ్మ ధర, కొంత పరిహారం, ఖర్చులు అడగండి చాలు.

ఇక రివ్యూ. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కిందకు వస్తుంది. జరిగింది జరిగినట్టు, ఆధారాలున్నంత వరకు, మంచి ఉద్దేశంతో రాస్తే భయపడాల్సింది లేదు. "ఒరిజినల్ అని చెప్పి అమ్మారు, నా పీసు మీద కాపీరైట్ ముద్ర లేదు, రిటర్న్ నిరాకరించారు" అని ఉంచండి. దొంగలు, మోసగాళ్లు అన్న మాటలుంటే ఈ రోజే తీసేయండి. ఓనర్ ఫొటో పెట్టి ఉంటే అది కూడా.