ఊరివాళ్ళ మాట రిపోర్టులో ఎక్కడ ఆగిపోతుందంటే

స్టేక్‌హోల్డర్ సిద్ధాంతం వల్ల సస్టైనబిలిటీ రిపోర్టుల (కంపెనీలు జనం, పర్యావరణం విషయంలో ఏం చేస్తున్నాయో చెప్పే రిపోర్టుల) నిబంధనలు ఎలా మారాయన్నది ప్రశ్న. కాగితం మీద చాలా మారాయి. కంపెనీ వల్ల ఎవరి బతుకు మీద ప్రభావం పడుతుందో వాళ్ళందరూ, అంటే స్టేక్‌హోల్డర్లంతా, లెక్కలోకి రావాలని 1984లో అమెరికన్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫ్రీమన్ వాదించాడు. 2021లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్‌ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్)లో నాలుగో సూత్రం ఆ వాదనే. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఆ రిపోర్టు ఇచ్చి తీరాలి.

అలాంటి ఒక కంపెనీ ప్లాంటులో ఆ రిపోర్టుకు డేటా పోగుచేసే పని చేశాను. పేరు అనవసరం. పక్క ఊరి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి మీటింగ్ పెట్టారు. నీరు, ఉపాధి, రోడ్లు, ఆరోగ్యం, వీటిలో దేనికెన్ని మార్కులేస్తారో చెప్పమన్నాడు కన్సల్టెంటు. ఒక పెద్దావిడ లేచింది. "మార్కుల సంగతి తర్వాత చూద్దాం బాబూ. బోరు నీళ్ళకి కందిపప్పు ఉడకట్లేదు. ఆరు విజిల్స్ వచ్చినా పలుకుపలుకుగానే ఉంటంది. మీ ఫ్యాక్టరీ రాకముందు ఇట్టా లేదు" అంది. వెనకున్న ఆడవాళ్ళంతా అవునవునన్నారు. కన్సల్టెంటు నీటికి నాలుగు మార్కులని రాసుకుని, తర్వాతి అంశం చదివాడు.

రిపోర్టులో ఇది ఏమైందంటే: సంప్రదించిన వర్గం - స్థానిక ప్రజలు; మార్గం - గ్రామ సమావేశం; ఎప్పుడెప్పుడు - ఏడాదికోసారి; అంశం - నీరు. ప్రజల నుంచి వచ్చిన ఫిర్యాదుల గడిలో సున్నా. ఆవిడ నోటితో చెప్పింది కదా, రిజిస్టర్లో రాయలేదు!

లోపం ఫారంలోనే ఉంది. ఎవరితో, ఎలా, ఎన్నాళ్ళకోసారి మాట్లాడారన్నది తప్పనిసరి ప్రశ్న. వాళ్ళు చెప్పినదాన్నిబట్టి కంపెనీ ఏం మార్చుకుంది, బలహీన వర్గాల గోడు విని ఏం చేసింది అన్నవి మాత్రం లీడర్‌షిప్ ఇండికేటర్ల కింద ఉన్నాయి, అంటే ఇష్టమైతేనే జవాబివ్వొచ్చు. అసలు అడగాల్సినవి అవే.

ఇంకో బాధ, ఆ రిపోర్టంతా ఇంగ్లీషే. ఎవరి గురించి రాశారో వాళ్ళు చదవలేరు. కవర్ పేజీ మీద మాత్రం మొక్క నాటుతున్న పిల్లల ఫొటో ఉంటుంది.

ప్రపంచమంతా ఇదే పేచీ. జీఆర్‌ఐ (గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్) అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణాలు కంపెనీ వల్ల జనానికీ పర్యావరణానికీ ఏం జరిగిందని అడుగుతాయి. 2023 జూన్‌లో వచ్చిన ఐఎస్‌ఎస్‌బీ (ఇంటర్నేషనల్ సస్టైనబిలిటీ స్టాండర్డ్స్ బోర్డ్) ప్రమాణాలు పెట్టుబడిదారుడికి పనికొచ్చే సమాచారమే కోరతాయి. నేను జీఆర్‌ఐ వైపే. మన 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ కూడా డైరెక్టర్లు వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజ, పర్యావరణ హితం చూడాలంటోంది. చట్టమే అలా చెబుతుంటే సెబీ వెనకాడాల్సిన పని లేదు. కంపెనీ ఏం మార్చుకుంది, బలహీన వర్గాల గోడు విని ఏం చేసింది అన్న ఆ రెండు ప్రశ్నలూ తప్పనిసరి చేయాలి. మీటింగులో నోటితో చెప్పిందీ ఫిర్యాదుగానే లెక్కకట్టాలి. ఆ పేజీలు తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించి, గ్రామసభ ఒప్పుకున్నాకే రిపోర్టులో చేర్చాలి.