పాఠకుల ప్రశ్నలు: ఖరగ్‌పూర్‌కు వచ్చిన బి-29 బాంబర్లు

ప్రశ్న: మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఫిట్టర్‌గా ఖరగ్‌పూర్‌లో పనిచేశారు. 1944 వేసవిలో అక్కడికి వచ్చిన అమెరికా బాంబర్లు శత్రువు కాల్చకుండానే మంటలు అంటుకుని కూలిపోయేవని చెప్పేవారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు, అనంతపురం జిల్లా

జవాబు: నిజమే. అవి బోయింగ్ కంపెనీ తయారుచేసిన బి-29 సూపర్‌ఫోర్ట్రెస్‌లు. 1944 ఏప్రిల్ నుంచి ఖరగ్‌పూర్ చుట్టుపక్కల చాకులియా, పియార్డోబా, దుధ్‌కుండి స్థావరాలకు చేరిన ఈ విమానాలకు జపాన్ ఫిరంగుల కన్నా సొంత ఇంజన్లే పెద్ద గండంగా ఉండేవి.

ఒక్కో విమానానికి 2,200 గుర్రపు శక్తి గల రైట్ ఆర్-3350 ఇంజన్లు నాలుగు. ఒక్కో ఇంజన్‌లో రెండు వరుసలుగా అమర్చిన 18 సిలిండర్లలో వెనుక వరుసకు గాలి సరిగా అందక, అవి మితిమీరి వేడెక్కి, ఎగ్జాస్ట్ వాల్వులు విరిగిపోయేవి. ఇంజన్ వెనుక ఉండే గాలి రెక్కలను తెరిస్తే వేడి తగ్గేది గానీ, గాలి నిరోధం పెరిగి, నిండా బరువుతో ఉన్న విమానం పైకి లేవడమే కష్టమయ్యేది. బరువు తగ్గించాలని ఇంజన్ భాగాల్లో మెగ్నీషియం మిశ్రలోహం వాడారు. దానికి నిప్పంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం, మంట రెక్కలోని దూలాన్నే తినేసేది. 1943 ఫిబ్రవరి 18న సియాటిల్‌లో రెండో నమూనా విమానం ఇంజన్ మంటలతోనే మాంసం ప్యాకింగ్ కర్మాగారంపై కూలి, టెస్ట్ పైలట్ ఎడ్డీ అలెన్‌తో సహా విమానంలోని 11 మందీ మరణించారు. అంతటి హెచ్చరిక తరువాత కూడా లోపాలు పూర్తిగా తీరకముందే విమానాలను యుద్ధానికి పంపడం, ఎంత అవసరం తరిమినా, సమర్థించదగినది కాదని నా అభిప్రాయం.

ఇక్కడి ఎండ ఆ లోపాన్ని మరింత పెంచింది. ఏప్రిల్‌లోనే కరాచీ వద్ద వరుస ప్రమాదాలు జరగడంతో కొద్ది రోజులు విమానాలన్నిటినీ నేల మీదే నిలిపివేశారు. రాయలసీమ వేసవి ఎరిగిన మీకు చెప్పనక్కరలేదు, పగటిపూట చేత్తో తాకలేనంత కాలిన లోహంపై పని సాగక, మెకానిక్కులు రాత్రివేళా తెల్లవారుజామునా మరమ్మతులు చేసేవారు. యుద్ధ చరిత్రలలో పైలట్లకు దక్కిన చోటు వారికి దక్కలేదు.

జూన్ 5న జరిగిన తొలి దాడి లక్ష్యం మీ తాతగారి వృత్తికి సంబంధించినదే: బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపులు. బయలుదేరిన 98 విమానాల్లో ఒకటి పైకి లేస్తూనే కూలింది. ఇంజన్లు చెడి, ఇంధనం చాలక మరికొన్ని పోయాయి. మొత్తం 5 విమానాలు నష్టపోగా, శత్రువు కూల్చినది ఒక్కటీ లేదు. తరువాతి నెలల్లో సిలిండర్లకు గాలినీ నూనెనూ ఎక్కువగా అందించే మార్పులు చేయడంతో ప్రమాదాలు తగ్గాయి. 1945 ఆరంభంలో ఈ దళాలు పసిఫిక్‌లోని మారియానా దీవులకు తరలాయి.

ప్రశ్న: భారత వైమానిక దళం బి-29లను వాడిందా?
– ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: వాడలేదు. మన దళం నడిపిన నాలుగు ఇంజన్ల యుద్ధకాలపు బాంబర్ బి-24 లిబరేటర్. బ్రిటిష్ వారు పనికిరాకుండా చేసి కాన్పూర్‌లో వదిలివెళ్లిన లిబరేటర్లను బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం బాగుచేసి ఇచ్చింది. 1948లో 5వ స్క్వాడ్రన్‌తో సేవలో చేరిన ఈ విమానాలు, తరువాత 6వ స్క్వాడ్రన్‌లో సముద్ర నిఘా పని చేస్తూ 1968 దాకా ఎగిరాయి.